మన్మథం తాత మొండికేసిన పూట

మన్మథరావు పెద్దకర్మ నాడు కాకి దిగలేదు.

కొబ్బరితోట చివర శుభ్రంగా ఊడ్చి, నీళ్ళు చల్లి, విస్తరాకులో పిండాలు పెట్టారు. పక్కనే గారెలు, పరమాన్నం, ఆయనకిష్టమని పనసకాయ కూర. కొడుకు బాలకృష్ణ తడిబట్టలతో నిలబడి దణ్ణం పెట్టుకున్నాడు. చుట్టాలూ ఊరివాళ్ళూ నాలుగడుగులు వెనక్కి జరిగి తలలు పైకెత్తారు. కాకులు లేవా అంటే బోలెడున్నాయి. మట్టల మీద వరసగా కూర్చుని, కింద జరుగుతున్నదంతా చూస్తూ, తమలో తాము ఏదో మాట్లాడుకుంటున్నాయి. దిగడానికి మాత్రం ఒక్కటీ ముందుకి రాలేదు.

అక్కుపల్లికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్ళో దీని అర్థం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయింది. అదేమిటో ఊహించి, మేం తీరుస్తామని పైకి మాటివ్వాలి. మాట నచ్చితే కాకి దిగి పిండం ముట్టుకుంటుంది. అది ముట్టేదాకా భోజనాలు లేవు. ఇచ్చిన మాట తప్పడానికి అసలే లేదు.

అక్కడున్న అందరిలోకీ ఎక్కువ కంగారు పడుతున్న మనిషి సత్యవేణి. మన్మథరావు భార్య. ఆయనకి తీరని కోరిక ఏమిటో ఆవిడకి తెలుసు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన ఆవిడని అడుగుతూ వచ్చింది ఒక్కటే, తనతో పడవెక్కి ఒకసారి సముద్రం మీదికి రమ్మని. ఆవిడ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఇప్పుడు లేచి, వెళ్తానని కాకి ముందు మాటిస్తే ఇక వెళ్ళి తీరాలి. సత్యవేణికేమో సముద్రమంటే చచ్చేంత భయం.

ఆవిడ పుట్టింది టెక్కలి అవతల, కొండల కింద. నీళ్ళంటే ఆవిడ ఎరిగినవి నుయ్యి, వాగు, బిందె. ఏ నీళ్ళకైనా అవతల ఒక గట్టు ఉంటుందని ఆవిడ నమ్మకం. కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో మన్మథరావు సరదాగా తీరానికి తీసుకెళ్ళి సముద్రం చూపించాడు. అవతలి గట్టు ఎక్కడని అడిగింది. లేదన్నాడు. అది విన్నాక ఆవిడ పొడి ఇసుక దాటి ముందుకి అడుగు వెయ్యలేదు.

పోనీ భయమని చెప్పిందా అంటే, అదీ లేదు. మొగుడు చూస్తే తుపాను హెచ్చరిక చెవిన పడగానే అలలు చూడ్డానికి పరిగెత్తే రకం. అలాంటివాడి పెళ్ళాం నీళ్ళకి భయపడుతుందంటే నలుగురూ నవ్విపోరూ! అందుకని పనుందని చెప్పేది. ఆవు ఈనేలా ఉందనేది. ఆయన వెళ్ళి గొడ్ల డాక్టర్ని వెంటబెట్టుకొచ్చేవాడు. జీడిగింజలు ఎండబొయ్యాలనేది. ఆవిడ నిద్ర లేచేసరికి ఆయన గింజలన్నీ వాకిట్లో పరిచేసి, ఇక పద అనేవాడు. చివరికి తల తిరుగుతోందనేది. తల తిరగడం అబద్ధమని నిరూపించడం ఎవరివల్లా కాదు గనక ఆయన ఒక్కడే వెళ్ళేవాడు.

ఇంతకీ ఆ మన్మథరావు ఎలాంటివాడో చెప్పకపోతే ఈ కథ మీకు సగమే తెలుస్తుంది. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆయన మన్మథం తాత. పడుచుతనంలో ఒకసారి, టెక్కలి దాకా వెళ్ళి ఎరువు చెప్పి వస్తానని బయల్దేరి, పలాసలో జీడిపప్పు లారీ ఒకటి కనిపిస్తే అది ఎక్కేశాడు. డ్రైవరు ఎటు వెళ్తున్నాడని కూడా అడగలేదు. నెల దాటాక మంచు చూసి వచ్చాడు. సత్యవేణి కోసం శాలువా కూడా కొన్నాడట. దారిలో రైలు స్టేషన్లో ఎవరో ముసలావిడ వణుకుతుంటే ఆవిడకి కప్పేశాడట. ఇంటికొచ్చి, ఆ శాలువా రంగూ దాని అంచూ ఎంత బాగున్నాయో మాత్రం పూసగుచ్చినట్టు చెప్పాడు. సత్యవేణి ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు. ఆ మర్నాడు అడిగింది, ఎరువు సంగతేమైందని.

ఇచ్చే చెయ్యి కూడా పెద్దదే. తిత్లీ తుపానులో ఆయన కొబ్బరిచెట్లు ముప్పాతిక మూడొంతులు కూలిపోతే, పడిపోయిన చెట్ల బొండాలన్నీ కొట్టించి, కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వాళ్ళకి తాగించాడు. ఊరంతా తలలు పట్టుకుని కూర్చున్న వేళ ఆయన తోటలో జాతర జరిగింది. ఆ తర్వాత ఆయన కూడా తల పట్టుకున్నాడు గానీ, అది అందరూ వెళ్ళిపోయాక, సత్యవేణి ఒక్కతే చూసేలా. చివరి రోజుల్లో, మంచం మీద ఉండి కూడా, తన తర్వాత సత్యవేణి గాజుల మీద చెయ్యి వేసినవాడి కలలోకి రోజూ వస్తానని చుట్టాలందరికీ పేరుపేరునా చెప్పాడు. రాగల మనిషే అని అందరికీ నమ్మకం. ఎవరూ వాటి జోలికి పోలేదు.

అలాంటివాడు ఇప్పుడు మొండికేసి పైన కూర్చున్నాడు.

మొదటి మాట బాలకృష్ణ ఇచ్చాడు. తండ్రి పాత జీపుని పలాసలో ఎవరికో అమ్మేద్దామని లోలోపల అనుకుంటున్నాడు. గొంతు సవరించుకుని, నాన్నా, నీ జీపు అమ్మనని ప్రకటించాడు. సత్యవేణి ఆశగా పైకి చూసింది. జీపంటే ఆయనకి ప్రాణం, దాంతో సరిపెట్టుకుంటే బాగుండునని మనసులో బతిమాలుకుంది. ఒక కాకి తల పక్కకి వాల్చి బాలకృష్ణ వైపు చూసి, పక్క మట్ట మీదికి జరిగి కూర్చుంది.

తర్వాత మనవడు అవినాష్ ముందుకొచ్చాడు. డాక్టరు పీతలు మానెయ్యమన్న దగ్గర్నుంచీ తాత ఎంత కుమిలిపోయాడో వాడికి తెలుసు. ఏటా తద్దినానికి పీతల పులుసు పెడతామని మాటిచ్చాడు. అప్పుడొక కాకి కదిలింది. కింది మట్టకి దిగింది, ఇంకా కిందికి వాలింది. అందరూ ఊపిరి బిగబట్టారు. సత్యవేణి చేతులు రెండూ జోడించేసింది. కాకి కూర్మారావు నెత్తి మీదుగా ఒక చుట్టు తిరిగి, ఆయన తెల్లచొక్కా మీద తన అభిప్రాయం వదిలి, మళ్ళీ పైకి పోయింది.

కూర్మారావు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే ఆసామి, మన్మథరావుకి చిన్ననాటి స్నేహితుడు. చొక్కా దులుపుకుంటూనే, ఇది తనకి పంపిన కబురని తేల్చేశాడు. మన్మథానికి సర్పంచి కాలేదన్న దిగులు ఉండిపోయిందన్నాడు. జనంలో నవ్వులు మొదలయ్యాయి. ఎందుకంటే ఆ ఎన్నికల కథ అందరికీ తెలుసు. మన్మథం తాత ఊరంతా తిరిగి ప్రచారం చేసుకున్నాడు. పోలింగు ముందు రోజు ఎదుటి అభ్యర్థి భార్య వీధిలో కనబడి, మా ఆయన ఓడిపోతే అన్నం మానేస్తాడు అన్నయ్యా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తాత మర్నాడు వెళ్ళి తన ఓటు అవతలివాడికి వేసొచ్చాడు. ఎన్ని ఓట్ల తేడాతో ఓడిపోయాడో చెప్తే మీరు నమ్మరు గనక చెప్పను.

ఇప్పుడు ఆ లోటు తీరేలా బాలకృష్ణని సర్పంచిగా నిలబెడతామని కూర్మారావు అరిచి మరీ చెప్పాడు. బాలకృష్ణ వద్దు వద్దంటూనే సిగ్గుపడుతూ కాకుల వైపు చూశాడు. ఆ మాట పూర్తవుతూనే మూడు కాకులు లేచి పక్క తోటలోకి వెళ్ళిపోయాయి. బాలకృష్ణ మొహం చిన్నబోయింది.

ఎండ ఎక్కుతోంది. వంటవాళ్ళు వచ్చి, అన్నం మెత్తబడిపోతోందని రెండోసారి చెప్పి వెళ్ళారు. అవినాష్ ఫోన్లో కాకి అరుపులు వెతికి పెద్ద సౌండు పెట్టి వినిపించాడు. అవి ఏ దేశపు కాకులో ఏమో, మిగిలినవి కూడా బెదిరి లేచిపోయాయి. బాలకృష్ణ కూతురు సింధూర తమ్ముడి చేతిలోంచి ఫోను లాక్కుని ఆపేసింది. కాసేపటికి కాకులు ఒక్కొక్కటే మళ్ళీ వచ్చి చేరాయి గానీ, ఈసారి ఇంకా పై మట్టల మీద కూర్చున్నాయి.

అప్పుడు పైడమ్మ లేచింది. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద బతుకుతున్న మనిషి. ఆ ఉద్దానం ప్రాంతంలో అలాంటి ఇళ్ళు ఎన్నో. మన్మథం తాత ఆ చుట్టుపక్కల వాళ్ళందరినీ జీపులో ఎక్కించుకుని పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. దారి పొడుగునా తన లారీ ప్రయాణం చెప్పేవాడు, ఒక్కోసారి ఒక్కోలా. కథ మధ్యలో ఆపి, మిగతాది వచ్చేవారం చెప్తానని దింపేసేవాడు. మిగతా కథ వినాలంటే వచ్చేవారం దాకా బతికుండాలి కదా అని వాళ్ళలో వాళ్ళే నవ్వుకునేవారు.

"బావా, మా బండి ఆగిపోద్దని నీకు బెంగగానీ ఉందేటి?" అని పైడమ్మ పైకి చూసి అడిగింది.

ఎవరూ నవ్వలేదు. బాలకృష్ణ ఒక్క క్షణం తండ్రి ఫొటో వైపు చూసి, జీపు ఆగదని, ఇకనుంచి అవినాష్ నడుపుతాడని మాటిచ్చాడు. అవినాష్ కూడా తలూపాడు. సత్యవేణికి గుండె నిండిపోయింది. ఇంతకన్నా పెద్ద కోరిక మనిషికి ఏముంటుంది, ఇక దిగుతాడు అనుకుంది. కాకులు ముక్కులతో రెక్కలు సవరించుకుంటూ కూర్చున్నాయి.

ఇక ఊరికి ధైర్యం వచ్చేసింది. తాత తన తోట మధ్యలోంచి సముద్రానికి అడ్డదారి వదులుదామనుకున్నాడని ఒకడు గుర్తు చేశాడు. బాలకృష్ణ వదిలాడు. బడి పిల్లలకి ఏడాదికోసారి మామిడిపళ్ళు పంచాలనుకున్నాడని ఇంకొకామె అంది. సరేనన్నాడు. ఎవరో బోరు అన్నారు. దానికీ సరే. కాకి దిగదు, కోరికలు ఆగవు. ఇంకాస్సేపు అలాగే కూర్చుంటే బాలకృష్ణ ఇల్లు కూడా రాసిచ్చేసేవాడే. తాత బతికున్నప్పుడు ఎలాగైతే ఇంట్లోవి బయటికి పంపేవాడో, పోయాక కూడా అదే పని మీద ఉన్నాడని కూర్మారావు నవ్వాడు.

బాలకృష్ణ అవస్థ చూడలేక పంతులుగారు ఒక దారి చెప్పారు. దర్భలతో కాకిని చేసి, దాంతో ముట్టించవచ్చు. శాస్త్రం ఒప్పుకుంటుంది.

సత్యవేణికి ప్రాణం లేచొచ్చింది. గడ్డి కాకి దేనికీ అడ్డం చెప్పదు. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఏమంటావమ్మా అని కొడుకు అడిగాడు. ఊఁ అంటే చాలు, ఇప్పుడే ఆకులు వేస్తారు, అందరూ తింటారు, ఎవరికీ ఏమీ తెలియదు. ఆవిడ నోరు తెరిచింది. ఊఁ రాలేదు. ఎవరు ఏమడిగినా కాదనని మనిషిని, జీవితమంతా ఒక్కటంటే ఒక్కటి అడిగిన మనిషిని, గడ్డికాకితో సాగనంపడం ఆవిడకి చేతకాలేదు. తన మీద తనకే కోపమొచ్చింది. మోకాళ్ళు పట్టుకుని లేచింది.

విస్తరాకు దగ్గరికి నడిచి వెళ్ళింది. పిండాలకేసి కాకుండా పైకి చూసింది.

"ఏవండీ," అంది. "నాను..."

అంతకన్నా మాట పెగల్లేదు. ఆ కాస్త ఆలస్యంలో ఒక కాకి రివ్వున దిగింది. ఆవిడ చీర కుచ్చెళ్ళ పక్కనే వాలి, పిండం మీద ముక్కు పెట్టింది. దాని వెనక ఇంకొకటి, తర్వాత మంద. గారెలు ఎవరి నోట్లోకి ఎలా పోయాయో కూడా తెలియలేదు.

ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఇల్లాలు పిలిస్తే గానీ దిగనని కూర్చున్నాడని ఆడవాళ్ళు ముచ్చటపడి కళ్ళొత్తుకున్నారు. కాదు, బోరు మాట పనిచేసిందని బోరు అడిగినవాడు వాదించాడు. కూర్మారావు తన మాట ఆలస్యంగా చేరి ఉంటుందన్నాడు. ఆ గొడవలోనే ఆకులు వేశారు. సత్యవేణి ఏ మాటా ఇవ్వలేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఆవిడ లోపలికి వెళ్ళి గదిలో మంచం అంచున కూర్చుంది. తప్పించుకుంది. ఇక ఎవరూ ఆవిడని పడవెక్కమనరు. ఆయన ఇంకొక్క నిమిషం పైన కూర్చుని ఉంటే మాటిచ్చేసి ఉండేది. ఆ మాత్రం బిగుసుకు కూర్చోలేకపోయాడు. ఆవిడ గొంతు వణికేసరికి సరేలే అని దిగొచ్చేశాడు. ఊరినంతా ఏడిపించి, కొడుకు దగ్గర దారీ బోరూ రాబట్టి, ఆవిడ దగ్గరికి వచ్చేసరికి వదిలేశాడు. ఆయన పోయిన దగ్గర్నుంచీ వచ్చినవాళ్ళకి కాఫీలు, పడకలు చూడ్డంతోనే సరిపోయి ఆవిడ సరిగ్గా ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత మొహం కడుక్కుని భోజనాల పందిట్లోకి వచ్చింది. బంతి చివర సూర్యం కూర్చుని తింటున్నాడు. అక్కుపల్లి జాలరి. మన్మథరావుకి సముద్రం నేర్పినవాడు. ఆయన్ని బావా అని పిలిచేవాడు గనక సత్యవేణి అతనికి అప్ప, అంటే అక్క. ఆవిడ అతని ముందు నిలబడి, తినడం కాగానే పడవ తియ్యమంది, తను వస్తానంది. సూర్యం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

బాలకృష్ణ వడ్డన గరిటెతోనే పరిగెత్తుకొచ్చాడు. ఈ రోజు గడప దాటకూడదని, చుట్టాలంతా ఇక్కడే ఉన్నారని, ఏడాది తిరిగాక తనే తీసుకెళ్తానని చెప్పాడు. చివరికి, కాకికి అలాగని మాటిచ్చావా అని నెమ్మదిగా అడిగాడు.

"నాను ఏ మాటా ఇవ్వనేదురా," అంది సత్యవేణి. "అందుకే ఎల్తన్నాను."

బాలకృష్ణకి అర్థం కాలేదు. సింధూరకి కొంచెం అర్థమైనట్టుంది. చెయ్యి కడుక్కుని వచ్చి నాయనమ్మ పక్కన నిలబడింది.

తీరంలో నలుగురు కలిసి ఇంజను పడవని నీళ్ళలోకి తోశారు. సత్యవేణిని రెండు రెక్కలూ పట్టుకుని ఎక్కించారు. వెనకే సింధూర కూడా ఎక్కింది. మధ్యలో అడ్డంగా ఒక పలక, దానికి చేత్తో పట్టుకోవడానికి వీలుగా రెండు కొబ్బరితాళ్ళు ఉన్నాయి. ఆవిడ దాని మీద కూర్చుని, తాళ్ళు రెండూ బిగించి పట్టుకుని, కళ్ళు మూసేసింది. మొదటి అల పడవ ముక్కుని ఎత్తినప్పుడు ఆవిడ సింహాద్రి అప్పన్నని పిలిచింది. రెండో అలకి పైడితల్లిని పిలిచింది. మూడో అలకి దేవుళ్ళు ఎవరూ గుర్తు రాక, ఏవండీ అని మొగుణ్ణే పిలిచింది. ఉప్పునీళ్ళు మొహాన కొట్టాయి. సింధూర నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగింది.

అలలు దాటాక పడవ కుదుటపడింది. కొంత దూరం పోయాక సూర్యం ఇంజను ఆపాడు.

"అప్పా, కళ్ళు తెరిసి ఎనక్కి సూడు. బావ ఇక్కడే ఆపించేవోడు."

సత్యవేణి ముందు ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. అక్కడ గట్టు ఉంది. ఇన్నేళ్ళూ తను నిలబడి ఉన్నదే ఆ గట్టు. ఇసుక, దాని వెనక కొబ్బరిచెట్ల వరస, ఆ వెనక జీడితోటల పచ్చదనం, అన్నిటికీ వెనక దూరంగా కొండలు. తన పుట్టింటి కొండలే అవి. ఇక్కడ్నుంచి కనిపిస్తాయని ఆవిడకి తెలియదు. వంటల పొగ సన్నగా లేస్తోంది. ఒడ్డున బాలకృష్ణ వేలెడంత ఉన్నాడు, ఇంకా గరిటె పట్టుకునే ఉన్నట్టున్నాడు.

ఆవిడ చాలాసేపు చూసింది. ఆయన ఉండగా రాలేదన్న బాధ ఒక్కసారిగా కమ్మేసింది. ఆయనకి ఎన్ని అబద్ధాలు చెప్పిందో సూర్యానికి చెప్పేసింది. ఆవు సంగతి, గింజల సంగతి, తల తిరగడం. పాపం అన్నీ నమ్మాడంది.

సూర్యం తల అడ్డంగా ఊపాడు. "నీకు బయమని బావకి తెలుసప్పా. పెళ్ళైన కొత్తలోనే తెలుసు."

"తెలిత్తే మరి ప్రతిసారీ ఎందుకడిగేవోడు?"

"నానూ అదే అడిగాను. అడగడం మానేత్తే, తనకి తెలిసిపోయిందని నువ్వు సిన్నబోతావంట. నాను అడుగుతుంతాను, పనుందని అది సెప్తుంతాది, అలాగే బాగుంతాది అన్నాడు." సూర్యం పలకకేసి చూపించాడు. "నాను పడవ మార్సినప్పుడల్లా బావే కూకుని ఇది ఏయించేవోడు. ఒకేల బయం పోతే కూకోడానికి ఉండాలి గదా అనీవోడు. మాం దీని మీద అన్నం కేరేజీ పెట్టుకునీవోళ్ళం."

సత్యవేణి చేతుల్లోని తాళ్ళకేసి చూసుకుంది. నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే, కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి ఒక తాడు వదిలెయ్యాల్సి వచ్చింది. ఇన్నేళ్ళూ తను ఆయన్ని మోసం చేస్తున్నాననుకుంది. ఆయనేమో మోసపోతున్నట్టు నటిస్తూ, ఆవిడ పరువు కాపాడుతూ, తెల్లవారుజామునే లేచి జీడిగింజలు పరిచాడు. చుట్టూ అవతలి గట్టు లేని నీళ్ళు. భయం పోలేదు, అలాగే ఉంది. అది ఉండగానే హాయిగా ఉంది.

పొద్దు వాలుతుండడం, ఒడ్డున బాలకృష్ణ చెయ్యి ఊపుతుండడం చూసి, సూర్యం ఇంజను మళ్ళీ వేసి పడవని వెనక్కి తిప్పబోయాడు.

"అప్పుడేనేటి?" అంది సత్యవేణి.